ఆంప్లిఫయరుకు తగిన స్పీకరు, ఇంటికి తగిన ధ్వని



ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమని పెద్దలు చెప్పిన మాట స్పీకర్లకును వర్తించును. మన ఇల్లెట్టిదో, మనయొద్ద నున్న ఆంప్లిఫయరు ఎట్టిదో, మన చేతిలోని పైకమెంతయో చూచుకొనిన తరువాతనే స్పీకరు వంక చూడవలెను. చాలమంది దీనికి విరుద్ధముగా నడుచుకొందురు. దుకాణములో అందముగా కనబడిన పెద్ద పెట్టెలను కొని తెచ్చి, ఆ పిమ్మట ఇంటిలో వానికి చోటు వెదుకుదురు. నేనును అట్లే చేసితిని. అందుచేతనే ఈ విషయమును గూర్చి మాటలాడు అధికారము నాకు కొంత లభించినదని భావించుచున్నాను.

నా అనుభవమును ముందు విన్నవించెదను. మా నాయన సింగరేణిలో పనిచేసినాడు. గోదావరిఖనిలో మేము ఉన్న కాలమున, 1980వ దశకములో, ఆయన ఒక చిన్న టేపు రికార్డరు కొని, మా అవ్వ పాడిన బతుకమ్మ పాటలను, ఉయ్యాల పాటలను రెండు కాసెట్లలో పట్టి ఉంచినాడు. ఇప్పుడు ఇద్దరును లేరు. ఆ కాసెట్లు మాత్రము మిగిలినవి. వానిని కంప్యూటరులోనికి ఎక్కించి, వినదగిన రీతిలో వినవలెనను కోరికతో కరీంనగరులోని మా ఇంటికి ఒక మంచి స్టీరియో ఆంప్లిఫయరు కొంటిని. దాని శక్తి ప్రక్కకు 40 వాట్లు. తరువాత నగరమునకు పోయి, ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్మంతయు పోసి, నా నడుము ఎత్తున్న రెండు స్తంభముల వంటి స్పీకర్లను తెచ్చితిని. దుకాణములోని పెద్దహాలులో అవి గంభీరముగా పలికినవి. మా పది అడుగుల, పండ్రెండు అడుగుల గదిలో మా అవ్వ కుండలో తల పెట్టి పాడినట్లు వినబడినది. బతుకమ్మ పండుగనాడు ఇంటికి చుట్టములు వచ్చినప్పుడు ధ్వని కొంత హెచ్చించితిని. అర్ధగంటలో ఆంప్లిఫయరు చేయి పెట్టలేనంత వేడెక్కి దానంతట అది ఆగిపోయినది. మరల నడిపించగా ఒక స్పీకరులోని ట్వీటరు, అనగా సన్నని ధ్వనులను పలికించు చిన్న స్పీకరు, మాడిపోయినది.

తప్పు ఆంప్లిఫయరుది కాదు, స్పీకరుది కాదు. విడివిడిగా రెండును మంచివే. జత కుదరలేదు. ఆ జత ఎట్లు కుదురునో తెలిసికొనుటకు మూడు అంకెలు చాలును. అవి స్పీకరుతో వచ్చు కాగితముపై అచ్చువేసియే యుండును.

మొదటి అంకె ఓములది. విద్యుత్తు ప్రవాహమునకు స్పీకరు ఎంత అడ్డు పెట్టునో ఈ అంకె తెలుపును. సాధారణముగా 8 ఓములు, 6 ఓములు, 4 ఓములు అని వ్రాయుదురు. అంకె తగ్గినకొలది అడ్డు తగ్గును, ప్రవాహము హెచ్చును. చెరువు తూము చిన్నదయినచో నీరు మెల్లగా పోవును, పెద్దదయినచో చెరువునే ఖాళీ చేయును గదా! నా ఆంప్లిఫయరు పుస్తకములో 8 ఓముల నుండి 16 ఓముల వరకు అని స్పష్టముగా వ్రాసి యున్నది. నేను కొన్నవి 4 ఓముల స్పీకర్లు. 40 వాట్ల ఆంప్లిఫయరు 8 ఓముల స్పీకరుకు నిండు ధ్వనిలో రెండుంబావు ఆంపియర్ల ప్రవాహమునిచ్చిన చాలును. అదే స్థాయిలో 4 ఓముల స్పీకరు నాలుగున్నర ఆంపియర్లు లాగుకొనును. అంత భారము మోయుటకు దానిని నిర్మింపలేదు. అందువలన వేడెక్కినది. ఒకే ఆంప్లిఫయరుకు రెండు జతల 8 ఓముల స్పీకర్లను ప్రక్కప్రక్కన తగిలించినను అవి కలిసి 4 ఓములే అగునని గుర్తుంచుకొనవలెను. ముందు గదిలో ఒక జత, వెనుక గదిలో ఒక జత పెట్టదలచినవారు ఈ సంగతి మరువరాదు.

రెండవ అంకె డెసిబెలులది. ఒక్క వాటు శక్తి నిచ్చినప్పుడు ఒక మీటరు దూరమున స్పీకరు ఎంత బిగ్గరగా పలుకునో ఇది చెప్పును. మూడింటిలో ముఖ్యమైనది ఇదియే. కొనువారు ఎక్కువగా విస్మరించునదియు ఇదియే. ఇండ్లలో వాడు స్పీకర్లకు ఈ అంకె 83 మొదలు 92 వరకు ఉండును. ఆ తొమ్మిది డెసిబెలులలో ఏమున్నదని అనుకొనరాదు. ధ్వని 3 డెసిబెలులు హెచ్చవలెనన్నచో ఆంప్లిఫయరు రెండింతల శక్తి నీయవలెను. 10 డెసిబెలులు హెచ్చినప్పుడు గాని మన చెవికి రెండింతలు బిగ్గరగా తోపదు. దానికి పదింతల శక్తి కావలెను. కనుక 86 డెసిబెలుల స్పీకరుకు బదులు 89 డెసిబెలుల స్పీకరు కొన్నవాడు, పైసా ఖర్చు లేకుండ తన ఆంప్లిఫయరును రెండింతలు చేసికొన్నవాడగును.

ఇందులో ఒక మెలిక కలదు. కొందరు తయారీదారులు ఒక వాటు అని వ్రాయుటకు మారుగా 2.83 వోల్టులు అని వ్రాయుదురు. 8 ఓముల స్పీకరు విషయములో అది సరిగా ఒక వాటే. 4 ఓముల స్పీకరుకు అదే వోల్టేజి రెండు వాట్లగును. కాగితముపై 87 అని కనబడినను నిజముగా ఒక వాటుకు 84 మాత్రమే. నా స్తంభముల సంగతి ఇదియే. 87 అను అంకెను చూచి సంతోషించితిని గాని ప్రక్కనున్న 2.83ను చూడలేదు.

మూడవది వాట్ల అంకె. అపోహలన్నియు ఇక్కడనే. 100 వాట్ల స్పీకరు అని వ్రాసినచో దానికి 100 వాట్లు ఇచ్చితీరవలెనని అర్థము కాదు. అది భరింపగల హద్దు మాత్రమే. 40 వాట్ల ఆంప్లిఫయరుతో అది చక్కగా పలుకును. ఇక ట్వీటరును మాడ్చినది పెద్ద ఆంప్లిఫయరు కాదు, చిన్న ఆంప్లిఫయరును హద్దు మించి తరుముటయే. ఇది వినుటకు వింతగా నుండును. ఆంప్లిఫయరును దాని శక్తికి మించి తరిమినప్పుడు ధ్వనితరంగముల శిఖరములు కోసినట్లు చదునగును. అట్లు తెగిన తరంగములో అసలు పాటలో లేని కీచుధ్వనులు పుట్టును. అవి అన్నియు ట్వీటరుకే చేరును. ట్వీటరులోని తీగ వెంట్రుక వలె సన్ననిది, కొద్ది వాట్లను మాత్రమే ఓర్చుకొనును. పాట గరగరమని చీలినట్లు వినబడిన క్షణముననే చేయి తగ్గించుట ఒక్కటే దానికి రక్ష.

వాట్లను గూర్చి మరియొక హెచ్చరిక. కొన్ని పెట్టెలపై పి.ఎం.పి.ఓ. అను అక్షరములతో వేయి వాట్లు, రెండు వేల వాట్లు అని పెద్ద అచ్చున వ్రాసి యుండును. ఆ కొలతకు నియమము లేదు. ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన అంకెనే చూడవలెను. అదియు లేనిచో పెట్టెను త్రిప్పి, వెనుకభాగమున ఎన్ని వాట్ల విద్యుత్తు వాడుకొనునో చూడవలెను. ఇంటి కరెంటు నుండి 40 వాట్లు తీసికొనుచున్న యంత్రము ఎడతెగక వేయి వాట్ల ధ్వని నెట్లు ఈయగలదు? పిడికెడు గింజలకు పుట్టెడు అన్నము వండుదుమను మాట అది.

ఇప్పుడు గదిలోనికి పోదము. స్పీకరులో సగము గదియే అని చెప్పినను తప్పు లేదు. మన ప్రాంతమున పాత ఇండ్లు గూనపెంకుల ఇండ్లు. మందపు మట్టిగోడలు, టేకు దూలములు, ఎత్తైన కప్పు, మూలలందు ధాన్యపు బస్తాలు, నులక మంచములు. అట్టి ఇంట శబ్దము మెత్తగా అణగిపోవును. నేటి స్లాబు ఇండ్లు వేరు. కరీంనగరు గ్రానైటు దేశదేశములకు ఎగుమతి అగుచున్నది, మన ఇండ్లలోను నేలయంతయు పరచుకొనుచున్నాము. అద్దము వంటి ఆ నేలకు, నున్నని సిమెంటు గోడలకు తగిలి ధ్వని బంతివలె ఎగురుచుండును. గది నడుమ నిలిచి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడుడు. టప్పుమని ఆగినచో మంచి గది. చప్పుడు వెనుక సన్నని మ్రోత తోకవలె సాగినచో ఎంత వెలగల స్పీకరైనను అక్కడ కీచుమనును.

దీనికి మందు మన చేతిలోనే యున్నది. ఆదిలాబాదు పత్తికి పేరు పొందిన సీమ. దూది పరుపు ఒకటి గది వెనుక మూలలో నిలబెట్టినను మ్రోత తగ్గును. నేలపై ఒక వరంగల్లు జంబుఖానా, కిటికీలకు మందపు సిరిసిల్ల బట్టతో మడతలు పోసిన తెరలు, గోడకు పుస్తకముల బీరువా ఉన్నచో చాలును. వీనికి అగు ఖర్చు కొన్ని వేలు. అదే మేలును స్పీకరు మార్చి పొందవలెనన్నచో లక్ష కూడ చాలకపోవచ్చును.

గది కొలతలు మంద్రస్వరములను శాసించును. పండ్రెండు అడుగుల గోడల నడుమ సెకనుకు సుమారు 47 కంపనముల ధ్వనియు, పది అడుగుల గోడల నడుమ సుమారు 57 కంపనముల ధ్వనియు నిలిచి ఉబ్బును. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును పది అడుగులే అయినచో మూడు ఉబ్బులును ఒకే స్వరముపై పడును. ఆ గదిలో డోలు దెబ్బ ప్రతిదియు ఒక్కటే మ్రోతగా వినబడును. చిన్నగదిలో పెద్ద ఊఫరు పెట్టుట తగదనుటకు కారణమిదియే. అది పలికించు మంద్రమును గది మరికొంత హెచ్చించి కుండ మ్రోతగా మార్చును. స్పీకరును మూలకు నెట్టినచో ఈ దోషము ఇంకను పెరుగును. వెనుక గోడకు రెండు అడుగుల ఎడమైనను ఉంచి, రెండు స్పీకర్లు, వినువారు ఒక సమత్రిభుజము యొక్క మూడు కోణములుగా నుండునట్లు అమర్చవలెను. ట్వీటరు చెవి ఎత్తున ఉండవలెను. ఇంగ్లీషు పుస్తకములలో వ్రాసిన ఎత్తు కుర్చీలలో కూర్చుండువారికి. చాపపై కూర్చుండి వినువారి ఇంట పీట ఎత్తు తగ్గవలెను.

పీటలకు మన గ్రానైటు కన్న మంచిది లేదు. రాయి కోయు కార్ఖానాలలో మిగిలిన ముక్కలు చవుకగా దొరకును. బరువైన బండపై, క్రింద నాలుగు రబ్బరు బిళ్లలతో నిలిపిన చిన్న స్పీకరు కదలక మెదలక స్పష్టముగా పలుకును.

రాయి తరువాత కలప మాట. ఆదిలాబాదు అడవుల టేకు ఉండగా స్పీకరు పెట్టె బయట ఎందుకు కొనవలెనని కొందరు అడుగుదురు. వీణకును స్పీకరుకును భేదమున్నది. వీణ కుండ పలుకవలెను, అందులకే దానిని పనసకర్రతో చేయుదురు. స్పీకరు పెట్టె పలుకరాదు. లోపలి స్పీకరు ఒక్కటే పలుకవలెను. నిర్మల బొమ్మలు చేయు పొనికి కర్ర బొమ్మకు ప్రాణము, కాని అంత తేలిక కర్రతో పెట్టె చేసినచో పెట్టెయే పాడనారంభించును. గట్టి టేకు పలకయు మన ఎండలకు, వానలకు వ్యాకోచించి, సంకోచించి అతుకుల వద్ద నెర్రెలు విచ్చును. మందపు ప్లైవుడ్డు, నొక్కి చేసిన చెక్కపొడి పలక, ఇవి మొద్దువి గనుకనే ఈ పనికి మంచివి. పైన టేకు పొర అంటించుకొన్న అందమునకు అందము. పెట్టెను వేలి కణుపుతో తట్టి చూడుడు. ఖంగుమన్నచో విడిచిపెట్టుడు. నిండు బస్తాను తట్టినట్లు దబ్బుమన్నచో తీసికొనుడు.

ఇక ధనము మాట. లక్ష రూపాయలు ఉన్నవనుకొందము. అందులో సగమునకు కొంచెము పైన స్పీకర్లకు, మూడవ వంతు ఆంప్లిఫయరుకు, మిగిలినది పీటలకు, తెరలకు, తీగలకు పెట్టుట మంచిదని నా అభిప్రాయము. కారణము చెప్పెదను. మంచి ఆంప్లిఫయర్ల మధ్య భేదము, వాని హద్దులో నడుపునంతవరకు, బహుస్వల్పము. స్పీకరుకు స్పీకరుకు మధ్య భేదము మాత్రము కంఠమునకు కంఠమునకు ఉన్నంత. తీగలను గూర్చి వినవచ్చు కథలను నమ్మి వేలు పోయనక్కరలేదు. 5 మీటర్ల దూరమునకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పోను రాను కలిపి ఓములో ఎనిమిదవ వంతు కన్న తక్కువ అడ్డు పెట్టును. 8 ఓముల స్పీకరు ముందు అది లెక్కలోనిది కాదు. అట్లని ఏనుగును కొన్నవాడు అంకుశమునకు వెనుకాడినట్లు, రెండు స్పీకర్లకు వేలు పోసి పాత బల్బు తీగతో కలుపుటయు తగదు.

పాతవి కొనువారు ఒక పరీక్ష చేయవలెను. ఊఫరు కాగితపు శంఖువు చుట్టును మెత్తని అంచు ఉండును. అది స్పంజిది అయినచో మన వాతావరణమున పది, పదునైదు ఏండ్లలో పొడియై రాలును. రబ్బరుది అయినచో ఎక్కువకాలము మన్నును. పెట్టె అడుగున చెదలు పట్టినదేమో, గాలి రంధ్రములో చీమలు గూడు కట్టినవేమో లోపల దీపము వేసి చూడవలెను.

దుకాణమునకు పోవునప్పుడు చేతిలో మనకు బాగుగా తెలిసిన ధ్వని ఉండవలెను. అక్కడ వినిపించు పాట ఆ స్పీకరుకు నప్పునదియే అయి యుండును. నేను మూడు ధ్వనులు చెప్పెదను. మొదటిది ఆకాశవాణి వార్తలు చదువు కంఠము. ఏండ్ల తరబడి విన్న కంఠము గనుక దానిలో మార్పు వచ్చినచో చెవి వెంటనే పట్టుకొనును. రొమ్ములోనుండి మ్రోగినట్లున్నచో పెట్టె దోషము, స, శ లు బుసకొట్టినచో ట్వీటరు దోషము. రెండవది మృదంగము. కుడి ఎడమల ధ్వనులు రెండును వేరువేరుగా, దెబ్బ వెంట దెబ్బ ఆగి వినబడవలెను. మూడవది మన సీమ ధ్వని. హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు చెప్పిన ఒగ్గుకథ అయినను, దండారిలో గుస్సాడీ ఆటకు మ్రోగు వాద్యములైనను మంచివే. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించిన సంగతి శ్రోతలకు తెలియును. ఒకేసారి డోలు, తాళము, కంఠము, గజ్జెలు కలిసి పలుకునప్పుడు ఏది ఎక్కడ నున్నదో తెలియవలెను. అన్నియు ఒక ముద్దగా వినబడినచో ఆ స్పీకరు మనకు తగదు.

మనము వినునది ఏమియో కూడ ఆలోచింపవలెను. మీడియం వేవు ప్రసారములో సెకనుకు అయిదు వేల కంపనములకు పైబడిన సన్నని ధ్వనులు సామాన్యముగా మనకు అందవు. ఎఫ్.ఎం. ప్రసారములో పదునైదు వేల వరకు అందును. మీడియం వేవు మాత్రమే వినువారు లక్షలు పోసి స్పీకర్లు కొన్నచో ఎక్కువగా వినబడునది చిటపటలే. అట్టివారికి ఉన్న రేడియో వెనుకనే ఎనిమిది అంగుళముల మంచి స్పీకరు ఒకటి తగిలించుట చాలును.

నా కథ ముగించెదను. ఆ స్తంభములను, మాడిన ట్వీటరు మార్పించి, సగము ధరకు విశాలమైన హాలు గల ఒక స్నేహితునికి అమ్మితిని. అతని ఆంప్లిఫయరు 4 ఓముల భారమును మోయగలది గనుక అక్కడ అవి నేటికిని గంభీరముగా పలుకుచున్నవి. వచ్చిన సొమ్ముతో 8 ఓములు, 89 డెసిబెలులు గల రెండు చిన్న స్పీకర్లు కొని గ్రానైటు బండలపై పెట్టితిని. వెనుకటి వానికన్న 5 డెసిబెలులు హెచ్చు గనుక నా 40 వాట్ల ఆంప్లిఫయరే ఇప్పుడు సుమారు 126 వాట్ల పని చేయుచున్నది. సగము సొమ్ము నష్టపోతిని. ఆ నష్టము మీకు కలుగకూడదనియే ఇంతసేపు మాటలాడితిని.

ఆ సాయంకాలము మంచిర్యాల నుండి మా అక్క వచ్చినది. కాసెట్టులోని పాట వినిపించితిని. పాట నడుమ ఒకచోట ఆమె చేయెత్తి నన్ను ఆపుమన్నది. "తమ్మీ, మళ్ల ఒక్కసారి పెట్టు. అవ్వ ఊపిరి పీల్చుకున్నది, విన్నవా?" అని అడిగినది. నేను ఆ పాటను అంతకుముందు వందసార్లు విని యుందును. ఆ ఊపిరి ఆనాడే వింటిని. అది మొదటినుండి కాసెట్టులో ఉన్నదియే.

కొనబోవు ముందు గది కొలుచుకొనుడు. ఆంప్లిఫయరు పుస్తకములో ఓముల అంకె చూచుకొనుడు. స్పీకరు కాగితముపై డెసిబెలుల అంకె, దాని ప్రక్కన వాటు అని ఉన్నదో వోల్టులని ఉన్నదో చదువుడు. మీకు ప్రియమైన కంఠమొకటి వెంట తీసికొనిపోయి వినుడు. ఇన్ని చేసిన పిమ్మటనే సంచి విప్పుడు.